కిలోమీటరు రాయి చేసే సేవ: ఒంగోలు నుంచి నెల్లూరు దాకా ఒక సమీక్ష

ఒంగోలు, నెల్లూరు నగరాల మధ్య 16వ నంబరు జాతీయ రహదారిపై దూరాన్ని తెలియజేసే ఏర్పాటు ఒకటి ఉంది. కిలోమీటరు రాళ్లు, వాటి నడుమ ఉండే 200 మీటర్ల రాళ్లు, తల మీదుగా కట్టిన బోర్డులు, వంతెనల దగ్గర ఎత్తు చెప్పే పలకలు, ఇవన్నీ కలిపి ప్రభుత్వ రహదారుల సంస్థలు మనకు అందిస్తున్న ఒక సేవ. టంగుటూరులోనూ, ముసునూరులోనూ మనం కట్టే టోల్ రుసుములో దీని ఖర్చు కూడా కలిసే ఉంటుంది కాబట్టి, డబ్బు పెట్టి కొన్న వస్తువును చూసినట్టే దీని నాణ్యతను కూడా చూసి మాట్లాడవచ్చునని నా అభిప్రాయం. నేను ఇరవై ఆరేళ్లు నెల్లూరులో ఒక లారీ ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో బుకింగు గుమాస్తాగా పనిచేశాను. సొంత ఊరు సింగరాయకొండ దగ్గర కావడం వల్ల నెలకు రెండు మూడు సార్లయినా ఈ దారిన వెళ్లివస్తుంటాను. గడచిన ఏడాదిగా ఈ రాళ్లను పనిగట్టుకుని గమనించి ఈ సమీక్ష రాస్తున్నాను. అంకె కనబడుతున్నదా, ఆ అంకె నిజమేనా, అవసరం పడినప్పుడు అది అక్కరకు వస్తున్నదా అనే మూడు విషయాలనే ప్రధానంగా చూశాను.

ముందుగా రాయి సంగతి. జాతీయ రహదారి రాయికి తల పసుపు, ఒళ్లు తెలుపు. రాష్ట్ర రహదారి రాయికి తల ఆకుపచ్చ. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన కింద వేసిన పల్లె రోడ్ల రాళ్లకు నారింజ రంగు. తెలియని ఊరిలో రాత్రివేళ అడ్డదారి పట్టినవాడికి ఈ రంగు ఒక్కటి చాలు, తాను ఎటువంటి రోడ్డు మీద ఉన్నాడో తెలుసుకోవడానికి. ప్రతి అయిదో కిలోమీటరు రాయి మిగతావాటికంటే పెద్దగా ఉంటుంది. రెండు కిలోమీటరు రాళ్ల మధ్య నాలుగు చిన్న రాళ్లు ఉంటాయి. వాటి మీద 2, 4, 6, 8 అని మాత్రమే రాసి ఉంటుంది. 2 అంటే 200 మీటర్లు, 8 అంటే 800 మీటర్లు. చాలామంది వీటిని గుర్తు రాళ్లనుకుని వదిలేస్తారు గానీ, నా దృష్టిలో ఈ ఏర్పాటు మొత్తంలో అన్నిటికన్నా చక్కగా కుదిరినవి ఈ చిన్న రాళ్లే.

ఎందుకంటే, మైళ్ల కాలంలో మైలుకు ఎనిమిది ఫర్లాంగులు ఉండేవి, ఫర్లాంగుకో రాయి ఉండేది. ఫర్లాంగు అంటే 201 మీటర్లకు కాస్త ఎక్కువ. అంటే కొత్త కొలత వచ్చాక కూడా రాయికీ రాయికీ మధ్య నడక దాదాపు అలాగే నిలిచింది. ఎనిమిది పోయి అయిదు వచ్చింది, అంతే. పెద్దవాళ్లు "బావి రెండు ఫర్లాంగులుంటుంది" అన్నా, కుర్రవాళ్లు "నాలుగు వందల మీటర్లు" అన్నా మనిషి నడిచేది ఒకటే దూరం. కొలతను మార్చినప్పుడు మనిషి కాలికి ఉన్న అలవాటును నొప్పించకపోవడం చిన్న విషయం కాదు. రోడ్డు పనుల కాగితాలలో "కి.మీ. 3/2" అని రాస్తే మూడు కిలోమీటర్ల 200 మీటర్లు అని అర్థం. మైళ్ల రోజులలో ఇదే 3/2 అంటే మూడు మైళ్ల రెండు ఫర్లాంగులు, అంటే అయిదు కిలోమీటర్లు దాటిన దూరం. రాత ఒకటే, చోటు వేరు. పాత పటాలను, పాత ఫైళ్లను చూసేవారు ఈ తేడాను మనసులో పెట్టుకోవాలి. భూముల తగాదాలలో పాత రోడ్డు హద్దును చూపించే కాగితం మైళ్లలో ఉంటే ముందుగా ఆ సంగతి తేల్చుకోవడం మంచిది.

మన దేశంలో తూనికలు కొలతల ప్రమాణాల చట్టం 1956 డిసెంబరులో వచ్చింది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన నెలన్నర, రెండు నెలలలోపే అన్నమాట. 1957 ఏప్రిల్ 1న నయా పైసలు వచ్చాయి. 1958 అక్టోబరు 1 నుంచి మెట్రిక్ తూనికలు, కొలతలు అమలులోకి రావడం మొదలైంది. ఆ తరువాతి కొన్నేళ్లలో ఒక్కొక్క రంగమే మారుతూ వచ్చింది. ప్రకాశం జిల్లా 1970 ఫిబ్రవరిలో ఒంగోలు జిల్లా అనే పేరుతో పుట్టి, 1972లో టంగుటూరి ప్రకాశం పంతులు గారి పేరు పెట్టుకుంది. అంటే ఆ జిల్లా పుట్టేనాటికే దేశంలో మైలు చట్టబద్ధమైన కొలతగా లేదు. నెల్లూరు నుంచి కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి వైపులను, గుంటూరు నుంచి ఒంగోలు, అద్దంకి, చీరాల వైపులను, కర్నూలు నుంచి మార్కాపురం, గిద్దలూరు వైపులను కలిపి ఆ జిల్లాను చేసినప్పుడు, మూడు పాత జిల్లాల రోడ్లు ఒకే కొలతలో కలిశాయి. జిల్లా కేంద్రానికి ఏ తాలూకా ఎంత దూరమో చెప్పుకోవడానికి కూడికలు తప్ప మారకాలు అవసరం లేకపోవడం పరిపాలనకు ఎంత సుఖమో, బుకింగు గుమాస్తాగా సరుకు కిరాయి లెక్కలు కట్టిన నాకు బాగా తెలుసు.

ఇక అక్కరకు వచ్చిన సందర్భం ఒకటి చెప్పాలి. పోయిన ఏడాది వేసవిలో ఒక రాత్రి పదిన్నర సమయంలో ఉలవపాడు దాటిన తరువాత మా కారు వెనుక టైరు పగిలింది. స్టెప్నీలో గాలి లేదు. ఆ తప్పు నాదే. చుట్టూ మామిడితోటలు, దగ్గరలో దీపం లేదు. మా ఆవిడ, మనవడు కారులో ఉన్నారు. జాతీయ రహదారుల సహాయ నంబరు 1033కు ఫోను చేస్తే, అవతలి అమ్మాయి మొదట అడిగిన మాట, "సార్, దగ్గరలో ఉన్న కిలోమీటరు రాయి మీద అంకె ఎంత ఉంది? కారు నెల్లూరు వైపు వెళ్తోందా, ఒంగోలు వైపు వెళ్తోందా?" అని. ఫోను వెలుతురులో వెనక్కి నడిచి చూస్తే మొదట చిన్న రాయి, మరికాస్త దూరంలో పెద్ద రాయి కనిపించాయి. రెండు అంకెలూ చెప్పాను. "అక్కడే ఉండండి సార్, బండిని రోడ్డుకు పూర్తిగా ఎడమకు తీసి లైట్లు వెలిగించి ఉంచండి" అన్నది. అరగంట కాకముందే గస్తీ వాహనం వచ్చి సరిగ్గా మా ముందు ఆగింది. వచ్చిన డ్రైవరు దారి అడగలేదు, ఊరి పేరు అడగలేదు. ఉలవపాడు దాటాక, మామిడితోటల దగ్గర, ఫలానా దాబాకు ఇవతల అని నేను ఎంత వివరించినా ఆ చీకటిలో అతనికి అది చోటు చూపగలిగేది కాదు. ఆ చీకటిలో మాకు ఉన్న చిరునామా రాయి మీది అంకె ఒక్కటే.

ఇక మొదటి రెండు ప్రశ్నలకు, అంకె కనబడుతున్నదా, అది నిజమేనా అన్నవాటికి, ఈ దారి విషయంలో నా జవాబు సంతృప్తికరంగా ఉంది. వాహనం మీటరుతో పోల్చుతూ పగలు రెండు సార్లు చూశాను. రాయికీ రాయికీ మధ్య దూరం నమ్మదగినట్టుగానే ఉంది.

అయితే పాత డ్రైవర్లను ఇప్పటికీ తికమకపెట్టే విషయం ఒకటుంది, దాన్ని వివరంగా చెప్పడం అవసరం. ఈ రహదారికి పూర్వం 5వ నంబరు ఉండేది. నాలుగు వరుసల రోడ్డుగా మార్చే పనులు జరిగినప్పుడు కాగితాలలో ఒంగోలు దగ్గర 291, కావలి దగ్గర 222, నెల్లూరు ఉత్తరపు అంచున 178 అనే కిలోమీటరు అంకెలు ఉండేవి. అంటే లెక్క చెన్నై నుంచి మొదలై ఉత్తరానికి పెరుగుతూ వచ్చేది. 2010లో దేశంలోని జాతీయ రహదారులకు కొత్త నంబర్లు ఇచ్చినప్పుడు ఇది కోల్‌కతా నుంచి చెన్నై వరకు సాగే 16వ నంబరు రహదారి అయింది, లెక్క ఉత్తరం నుంచి దక్షిణానికి తిరిగింది. అంకెలు వెయ్యి దాటి, నెల్లూరు వైపు వెళ్లే కొద్దీ పెరుగుతాయి. పాత లెక్కలో అంకె తగ్గితే చెన్నై దగ్గరపడుతున్నట్టు. కొత్త లెక్కలో అంకె పెరిగితే చెన్నై దగ్గరపడుతున్నట్టు. రాత్రంతా బండి నడిపే మనిషికి ఈ తలకిందులు ఎంత ఇబ్బందో ఆలోచించండి. మా ఆఫీసులో పనిచేసిన ఒక ముసలి డ్రైవరు "రాయి చూడకండి సార్, ఊరు చూడండి" అనేవాడు. ఆయన మాట నేను ఒప్పుకోలేదు. మార్పు మంచిదే, ఎందుకంటే ఒక రహదారికి మొదలునుంచి చివరిదాకా ఒకటే లెక్క ఉండాలి. కానీ మార్చినప్పుడు టోల్‌ప్లాజాల దగ్గరా, లారీ స్టాండ్ల దగ్గరా "ఇకనుంచి అంకె ఇటువైపు పెరుగుతుంది" అని తెలుగులో ఒక పెద్ద పలక కొంతకాలం పెట్టి ఉంటే డ్రైవర్లకు మేలు జరిగేది.

రైలు మార్గం ఈ విషయంలో మరింత స్థిరంగా ఉంది. చెన్నై సెంట్రల్ నుంచి కొలిస్తే నెల్లూరు దాదాపు 176 కిలోమీటర్లు, ఒంగోలు దాదాపు 292 కిలోమీటర్లు. పాత రోడ్డు అంకెలకు ఇవి ఎంత దగ్గరగా ఉన్నాయో చూడండి. తీరం వెంబడి రోడ్డూ, పట్టాలూ జంటగా సాగే ప్రాంతం మనది. రెండింటి లెక్కా ఒకేచోట మొదలైనందువల్ల ఆ అంకెలు అలా కలిశాయి. పట్టాల పక్కన కరెంటు తీగను మోసే ప్రతి స్తంభానికీ కిలోమీటరు అంకె, దాని కింద స్తంభం వరుస అంకె రాసి ఉంటాయి. రైలు ఆగిపోయినా, పొలం పక్కన పశువు పట్టాలకు అడ్డం పడినా, రైల్వేవారికి ఆ రెండు అంకెలు చెబితే చాలు, అర ఫర్లాంగు తేడా కూడా లేకుండా చోటు తెలిసిపోతుంది. కిటికీ పక్కన కూర్చున్న పిల్లలకు స్తంభాల అంకెలు చదవడం నేర్పించండి. కిలోమీటరు ఎంత పొడవో అంతకంటే బాగా చెప్పే పాఠం ఉండదు.

రైళ్ల సంగతి వచ్చింది కాబట్టి పాత ప్రకాశం జిల్లా పడమటి భాగం గురించి కొంచెం ఆగి చెప్పాలని ఉంది. దొనకొండ, మార్కాపురం, కంభం, గిద్దలూరు మీదుగా వెళ్లే గుంటూరు, గుంతకల్లు మార్గం పంతొమ్మిదో శతాబ్దం చివర వేసినప్పుడు మీటరు గేజి మార్గం. రెండు పట్టాల మధ్య సరిగ్గా ఒక మీటరు దూరం. ఇంగ్లీషువారి పాలనలో, అడుగులూ అంగుళాలూ రాజ్యమేలుతున్న రోజులలో ఆ మీటరు ఎక్కడిదంటే, 1870 ప్రాంతంలో గవర్నర్ జనరల్ మేయో ప్రభువు హయాంలో భారతదేశానికి మెట్రిక్ కొలతలు తేవాలన్న ఆలోచన గట్టిగా సాగింది. 1871లో చట్టం కూడా చేశారు. కొత్త పట్టాల వెడల్పు కూడా ఆ లెక్కకే కుదిరేలా మీటరుగా నిర్ణయించారు. మరుసటి ఏడాది మేయో హత్యకు గురయ్యాడు, చట్టం అమలు కాలేదు. పట్టాలు మాత్రం మీటరు వెడల్పుతోనే దేశమంతా పాకాయి. ఫలితంగా దొనకొండ స్టేషనులో నిలబడిన మనిషికి కాళ్ల ముందు మీటరు, స్టేషను నుంచి స్టేషనుకు దూరం మైళ్లలో! దాదాపు డెబ్బై ఏళ్లు ఆ రెండు కొలతలూ ఒకే కంకర మీద కలిసి బతికాయి. తీరం వెంబడి నెల్లూరు, ఒంగోలు మీదుగా ఉన్న పెద్ద గేజి కథ ఇందుకు తిరగేసినట్టు ఉంటుంది. అది అయిదు అడుగుల ఆరు అంగుళాలుగా పుట్టింది. ఇప్పుడు కాగితం మీద 1676 మిల్లీమీటర్లు. పట్టా కదలలేదు, పేరు మారింది. 1990లలో గుంటూరు మార్గాన్ని కూడా పెద్ద గేజికి మార్చారు. మెట్రిక్‌లో పుట్టిన మార్గం పోయి, అడుగుల్లో పుట్టిన మార్గం మెట్రిక్ పేరుతో నిలిచింది. కొలత మారడం అంటే అంకె మారడం ఒక్కటే కాదని, వస్తువు మారడం వేరు, పేరు మారడం వేరని చెప్పడానికి మన ప్రాంతంలోనే ఇంత మంచి ఉదాహరణ ఉంది.

మా అక్క కొడుకు అమెరికాలో ఆరిజోనా రాష్ట్రంలో టూసాన్ అనే ఊరిలో ఉద్యోగం చేస్తాడు. సంక్రాంతికి వచ్చినప్పుడు ఒంగోలు నుంచి నెల్లూరుకు కారు తనే నడిపాడు. కావలి దాటేదాకా "మామయ్యా, ఇంకా ఎన్ని మైళ్లుంది?" అని నాలుగు సార్లు అడిగాడు. అయిదు మైళ్లంటే ఎనిమిది కిలోమీటర్లని గుర్తు పెట్టుకోమన్నాను. అప్పుడు అతను చెప్పిన సంగతి నాకు చాలా ఆసక్తిగా అనిపించింది. వాళ్ల ఊరి నుంచి మెక్సికో సరిహద్దులోని నొగాలెస్ దాకా వెళ్లే 19వ నంబరు అంతర్రాష్ట్ర రహదారి మీద దూరాలు కిలోమీటర్లలో ఉంటాయట, వేగ పరిమితి మాత్రం గంటకు మైళ్లలో ఉంటుందట. 1980 ప్రాంతంలో ప్రయోగంగా పెట్టిన ఆ బోర్డులు అలాగే మిగిలిపోయాయి. "నొగాలెస్ ఇంకా 50 కిలోమీటర్లు, బండి గంటకు 75 మైళ్లలో వెళ్తోంది, ఎంతసేపట్లో చేరతాం మామయ్యా?" అని నన్ను అడిగాడు. కాగితం లేకుండా చెప్పలేకపోయాను. మన దారిలో 80 కిలోమీటర్ల వేగంతో వెళ్తే 40 కిలోమీటర్లకు అరగంట. ఈ లెక్క చేయడానికి ఎవరూ చదువుకుని ఉండనక్కర లేదు.

ఆ దేశం ప్రయత్నించలేదని కాదు. అక్కడ 1975లోనే మెట్రిక్ మార్పిడి చట్టం వచ్చింది, కానీ మారడం ఎవరి ఇష్టం వారిదన్నారు. 1988లో మరొక చట్టం మెట్రిక్ కొలతలనే వాణిజ్యానికి మేలైనవిగా ప్రకటించింది. 1991లో అధ్యక్షుడి ఉత్తర్వు ప్రభుత్వ శాఖలన్నీ మారాలని చెప్పింది. దాన్ని అనుసరించి అక్కడి కేంద్ర రహదారుల సంస్థ, తాను డబ్బిచ్చే రోడ్ల నక్షాలన్నీ 1996 సెప్టెంబరు చివరికల్లా మెట్రిక్‌లో ఉండాలని రాష్ట్రాలకు గడువు పెట్టింది. చాలా రాష్ట్రాల రహదారి శాఖలు పుస్తకాలు మార్చుకున్నాయి, ఇంజనీర్లకు శిక్షణ ఇచ్చాయి, మీటర్లలో వంతెనలు గీశాయి. 1995లో చట్టసభ ఆ గడువును 2000కు జరిపింది. 1998లో గడువునే ఎత్తివేసింది. దానితో మారినవాళ్లు మళ్లీ అడుగులకు తిరిగి వెళ్లారు. పాత పుస్తకాలు మళ్లీ తీయడానికీ, మీటర్లలో గీసిన నక్షాలను అడుగుల్లోకి మార్చడానికీ అయిన శ్రమ రెండో నష్టం. నేను గుమాస్తాగా పనిచేసినవాడిని. ఒక ఖాతాను రెండు సార్లు తిరగరాయించడం ఎంత ప్రయాసో నాకు తెలుసు కాబట్టి ఆ ఇంజనీర్ల మీద నాకు నిజంగానే జాలి కలిగింది.

ఐర్లండ్‌లో దూరాల బోర్డులు 1970ల నుంచే కిలోమీటర్లలోకి మారడం మొదలైంది గానీ, వేగ పరిమితులు 2005 జనవరి 20 వరకు మైళ్లలోనే ఉన్నాయి. పాతికేళ్లకు పైగా ఆరిజోనా దారిలోని చిక్కే దేశమంతటా ఉన్నట్టు. ఆస్ట్రేలియా మరోలా చేసింది. ముందుగా ప్రజలకు బాగా చెప్పి, 1974 జూలైలో ఆ ఒక్క నెలలోనే దేశంలోని రోడ్డు బోర్డులను మార్చివేసింది. కెనడా 1977 సెప్టెంబరులో వేగం బోర్డులు మార్చుకుంది. ఆ కెనడాలోనే 1983 జూలైలో ఒక విమానానికి ఇంధనం నింపేటప్పుడు కిలోగ్రాముల లెక్కలో పౌన్ల గుణకం వాడారు. 22,300 కిలోలు ఉండవలసిన చోట 22,300 పౌన్లు, అంటే సగానికంటే తక్కువే ఉంది. నడి ఆకాశంలో రెండు ఇంజన్లూ ఆగిపోయాయి. పైలట్లు గిమ్లీ అనే చోట పాత వైమానిక స్థావరం మీద దాన్ని గాలిలో జారుతూ దించారు, ఒక్కరి ప్రాణం కూడా పోలేదు. ఆ విమానం కొత్త కొలతలో తయారైంది, నింపిన చేతులకు పాత కొలత అలవాటు. పూర్తిగా పాత కొలతలో ఉన్నచోట గానీ, పూర్తిగా కొత్త కొలతలో ఉన్నచోట గానీ ఈ ప్రమాదం పుట్టదు. రెండూ ఒకే చోట కలిసినప్పుడే పుడుతుంది. మన రహదారి సేవను నేను మెచ్చుకోవడానికి ముఖ్య కారణం ఇదే. రాయి, బోర్డు, వేగ పరిమితి, వాహనం మీటరు, ఆర్టీసీ టికెట్టు లెక్క, డిపోలో డ్రైవరు లీటరుకు ఎన్ని కిలోమీటర్లు తీశాడో చూసే కేఎంపీఎల్, అన్నీ ఒకటే కొలత మాట్లాడుతున్నాయి.

లోపాలు లేవని చెప్పలేను. జాతీయ రహదారి నుంచి లోపలికి తిరిగిన తరువాత పరిస్థితి మారుతుంది. మా ప్రాంతంలో ఒక జిల్లా రోడ్డు మీద 14 కిలోమీటర్ల పొడవునా నడిచి చూశాను. సగం రాళ్లు కంపచెట్లలో మునిగి ఉన్నాయి. కొన్నిటికి రాజకీయ నాయకుల ఫొటోలు అతికించారు. ఒకటి పొలం గట్టుకు ఆసరాగా మారింది. ఒకచోట బోర్డు మీద పట్టణం 12 కిలోమీటర్లని ఉంటే, దాదాపు రెండు కిలోమీటర్లు నడిచాక కనిపించిన రెండో బోర్డు కూడా 12 అనే చెప్పింది. మొదటిది ఊరి మొదట్లోని బైపాస్ కూడలి దాకా, రెండోది బస్టాండు దాకా లెక్కగట్టి ఉండవచ్చు. రెండూ నిజమే కావచ్చు గానీ, నడిచి వెళ్లే మనిషికి ఆ రెండు నిజాలూ అబద్ధంతో సమానం. ఇంకొక విషయం, చిన్నదిగా కనిపించినా చెప్పకుండా ఉండలేను. చాలా బోర్డుల మీద ఇంగ్లీషులో మీటరుకు ఎం అనే ఒక్క చిన్న అక్షరం రాయవలసిన చోట "ఎంటీఎస్" అని, కిలోమీటరుకు చిన్న అక్షరాలు రాయవలసిన చోట పెద్దవి రాస్తున్నారు. మెట్రిక్ గుర్తులకు బహువచనం లేదు, చివర చుక్క లేదు. బడిలో పిల్లవాడు అలా రాస్తే మార్కు తీసేస్తారు. ఆ పిల్లవాడే బడికి వెళ్లే దారిలో రోజూ ఆ తప్పును పెద్ద అక్షరాలలో చదువుతున్నాడు.

అన్నిటికంటే గట్టిగా చెప్పవలసినది ఎత్తు బోర్డుల గురించి. నెల్లూరు ప్రాంతంలో రైతు ధాన్యాన్ని పుట్లలో మాట్లాడతాడు. పుట్టి అంటే 850 కిలోలు. కాటా దగ్గరకు వచ్చేసరికి చీటీ కిలోలలో వస్తుంది, ఎవరికీ నష్టం లేదు, ఎందుకంటే ఆ మారకం ప్రతి రైతుకూ నోటికి వచ్చు. లారీ విషయంలో అలా కాదు. బాడీ కట్టే షెడ్డులో పొడవు, ఎత్తు అన్నీ అడుగులలోనే. లోడు ఎత్తినప్పుడు కూలీలు చూసేది అడుగులే. రైలు పట్టాల కింద కట్టిన అండర్‌పాస్ ముందు ఇనుప గడ్డరు మీద రాసేది మాత్రం మీటర్లలో. మూడేళ్ల కిందట మాకు తెలిసిన ఒక లారీ వరిగడ్డి లోడుతో అలాంటి దారికి వచ్చింది. బోర్డు మీద 3.6 మీటర్లని ఉంది. మీటరంటే మూడు అడుగుల పైచిలుకని డ్రైవరుకు తెలుసు. పన్నెండు అడుగుల లోడు, మూడున్నర మీటర్ల పైన, సరిపోతుందిలే అనుకున్నాడు. పన్నెండు అడుగులంటే 3.66 మీటర్లు. ఆరు సెంటీమీటర్ల తేడా. గడ్డరు పై వరుస మోపులను లాగేసింది, వెనుక వస్తున్న మోటారు సైకిలు మీద గడ్డి పడి ఆ అబ్బాయి చేయి విరిగింది. ఆరు సెంటీమీటర్లంటే నాలుగు వేళ్ల వెడల్పు కూడా ఉండదు.

బ్రిటన్ రోడ్ల మీద ఇప్పటికీ మైళ్లే ఉన్నాయి. అయినా అక్కడ 2015 నుంచి కొత్తగా పెట్టే ఎత్తు, వెడల్పు పరిమితి బోర్డుల మీద అడుగులతో పాటు మీటర్లను కూడా తప్పనిసరి చేశారు. పరదేశం లారీలు వంతెనలకు తగులుకుంటున్నందువల్ల ఆ నిర్ణయం తీసుకున్నారు. మనం దానికి సరిగ్గా తిరగేసి చేయాలి. పరిమితి మీటర్లలోనే ఉండాలి, అందులో రాజీ వద్దు. అండర్‌పాస్‌కు ఒక ఫర్లాంగు ముందే, లారీ వెనక్కి తిప్పుకోవడానికి చోటున్నప్పుడే, అదే ఎత్తులో ఒక గొలుసుల వరుసను వేలాడదీయాలి. గొలుసు తగిలితే లోడు ఎక్కువైనట్టే. అంకె చదవడం రానివాడికి కూడా అది అర్థమవుతుంది. ఇక లారీ బాడీ షెడ్లలోనూ, గడ్డి కోతల కాలంలో ట్రాక్టరు స్టాండ్లలోనూ మీటరు టేపులు ఇచ్చి నేర్పించే పని రవాణా శాఖ చేపడితే దానికయ్యే ఖర్చు చాలా స్వల్పం.

మొత్తం మీద జాతీయ రహదారి మీది సేవకు అయిదింటికి నాలుగున్నర ఇస్తాను. అర తగ్గించింది అంకెల దిశ మారినప్పుడు తెలుగులో చెప్పకపోయినందుకు. లోపలి జిల్లా రోడ్ల సేవకు, నేను చూసిన ఆ ఒక్క రోడ్డును బట్టి మాత్రమే, రెండుకు మించి ఇవ్వలేను. ఈ దారిన ప్రయాణించేవారికి నా మనవి ఏమంటే, బండి ఆగిపోయినప్పుడు 1033కు ఫోను చేసేముందే దగ్గరలోని పెద్ద రాయి అంకె, చిన్న రాయి అంకె, మీరు వెళ్లే దిక్కు చూసి పెట్టుకోండి. పిల్లలకు కూడా నేర్పండి.

గడ్డి లోడు పోయిన ఆ లారీ యజమాని ఇప్పుడు క్యాబిను వెనుక ఒక వెదురు గడకర్ర కట్టించుకున్నాడు. దాని మీద మూడున్నర మీటర్ల దగ్గర ఎర్రరంగు పట్టీ ఉంది. లోడు కట్టిన ప్రతిసారీ కూలీలు దాన్ని నేల మీద నిలబెట్టి చూసిన తరువాతే తాళ్లు బిగిస్తారు.